పురుగుల లెక్కలో చిక్కులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు పడినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో పురుగుల గురించినవే ఎక్కువగా ఉన్నాయి. పురుగుమందుల గురించి అడిగినవాటిని వ్యవసాయ శీర్షికకు పంపించాము. బయట నేల మీద, చెట్ల మీద, దీపాల దగ్గర పురుగులను పట్టి లెక్కించడంలో ఎదురయ్యే ఇబ్బందుల గురించి హైదరాబాదు, పరిసర ప్రాంతాల పాఠకులు అడిగినవాటిని ఈ నెలకు తీసుకున్నాము.

ప్రశ్న: నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పచ్చిక మైదానంలో పది, దాని పక్కనున్న పొదల బీడులో పది ప్లాస్టిక్ కప్పులను నేలలో పాతాను. పచ్చికలోని కప్పుల్లోనే చీమలూ, పెంకుపురుగులూ ఎక్కువగా పడ్డాయి. బీడు కంటే పచ్చికలోనే కీటకాలు ఎక్కువని నివేదికలో రాయవచ్చునా? (ఒక విద్యార్థిని, తార్నాక)

జవాబు: అమ్మా, ఇప్పుడున్న ఆధారంతో అలా రాయకూడదు. నేలలో పాతిన కప్పులో ఎన్ని పురుగులు పడతాయన్నది, అక్కడ ఎన్ని ఉన్నాయన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, అవి ఎంతగా తిరుగుతున్నాయన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. కత్తిరించిన పచ్చిక మీద చీమకు గాని, పెంకుపురుగుకు గాని పెద్దగా అడ్డు ఉండదు. ఎండకు నేల వేడెక్కితే వాటి పరుగు ఇంకా పెరుగుతుంది. పొదల బీడులో ఎండుటాకులు, గడ్డి దుబ్బులు, గులకరాళ్లు అడుగడుగునా అడ్డం వస్తాయి కనుక, అవే పురుగులు అంతే సంఖ్యలో ఉన్నా కప్పు అంచు దాకా వచ్చేవి తక్కువ. అందుకే అనుభవజ్ఞులు కప్పులోని సంఖ్యను సాంద్రతగా చదవరు. సాంద్రతా, సంచారమూ రెండూ కలిసిన కొలతగా మాత్రమే చదువుతారు.

మీ బీడులో నిజంగా ఏముందో చూడాలంటే రెండో పద్ధతి ఒకటి జోడించక తప్పదు. ఒక చదరపు మీటరు మేర ఎండుటాకులను ఎత్తి, జల్లెడ పట్టి, ఆ పొట్టును గరాటులో పోసి పైన బల్బు వెలిగిస్తే, వేడికి, ఆరిపోతున్న ఆకులకు తాళలేక లోపలి పురుగులు కిందికి దిగి స్పిరిట్ సీసాలో పడతాయి. ఇటలీ శాస్త్రవేత్త అంటోనియో బెర్లేసే 1905లో వేడినీటితో నడిపిన ఈ గరాటుకు, స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ టుల్‌గ్రెన్ తరువాత బల్బును జోడించారు. రేకు గరాటు, జల్లెడ ముక్క, మామూలు ఫిలమెంట్ బల్బు ఉంటే కళాశాలలోనే చేసుకోవచ్చు. వేడి పుట్టించని ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

చీమల విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఒక కప్పుకు రెండడుగుల దూరంలో చీమల పుట్ట ఉంటే ఆ ఒక్క కప్పులోనే వందల చీమలు పడి, మొత్తం సగటును తారుమారు చేస్తాయి. చీమలు గుంపుగా బతికేవి కాబట్టి తలలు లెక్కించడంలో పెద్దగా అర్థం లేదు. ఒక జాతి పది కప్పుల్లో ఎన్నింటిలో కనిపించిందో లెక్కించండి. ఇలా చూస్తే మీ పచ్చిక ఆధిక్యం చాలావరకు తగ్గిపోయినా నేను ఆశ్చర్యపోను.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మీ పది కప్పులతోనే. ఒకే పచ్చికలో పది కప్పులు పాతితే మీ దగ్గర ఉన్నది పది పచ్చికల సమాచారం కాదు, ఒక పచ్చిక గురించి పదిసార్లు అడిగిన సమాచారం. ఆ పచ్చికకు రోజూ నీళ్లు పెడుతున్నారా, పక్కన చెత్తకుప్ప ఉన్నదా అన్న స్థానిక కారణాలన్నీ ఆ పది కప్పులకూ ఉమ్మడి. అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో, ఇటువంటి పొరపాటు ప్రచురితమైన పరిశోధనల్లోనే ఎంత విస్తారంగా ఉన్నదో చూపించారు. నలభై ఏళ్లు గడిచినా విద్యార్థుల ప్రాజెక్టుల్లో అది నిత్యం కనిపిస్తూనే ఉంది. ఇరవై కప్పులే ఉంటే, ఐదు వేర్వేరు పచ్చికల్లో రెండేసి, ఐదు వేర్వేరు బీళ్లలో రెండేసి పాతండి. తిరుగుడు పెరుగుతుంది, నిజమే. పోలిక మాత్రం నిలబడుతుంది.

పాతే పద్ధతి గురించి మీరు అడగలేదు గాని, వానాకాలం కాబట్టి చెబుతాను. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు కప్పులు తీసుకోండి. బయటి కప్పు అడుగున చిల్లులు పెట్టి నేలలోనే వదిలేయాలి. లోపలి దాన్ని మాత్రం ఎత్తి, ఖాళీ చేసి, మళ్లీ దించాలి. అప్పుడు ప్రతిసారీ మట్టి కదలదు. అంచు నేలకు సరిగ్గా సమంగా ఉండాలి. మన ఎర్రమట్టి నేలల్లో ఒక గట్టి వాన పడితే కప్పు చుట్టూ మన్ను కొట్టుకుపోయి అంచు బియ్యపు గింజంత పైకి తేలుతుంది. చిన్న చీమ ఆ గోడ దాకా వచ్చి, మీసాలతో తడిమి, పక్కకు తిరిగి వెళ్లిపోతుంది. వాన వెలిసిన ప్రతిసారీ వేలితో మట్టి సర్దాలి. పైన మూడు రాళ్ల మీద ఒక పెంకు గాని, ప్లాస్టిక్ పళ్లెం గాని కప్పాలి. మట్టి తవ్విన కొత్తలో చీమలు అసాధారణంగా ఎక్కువ పడతాయి కనుక, కప్పులను మూతలతో పాతి వారం రోజులు అలాగే ఉంచి, ఆ తరువాతే మూతలు తీయడం మంచిది.

కప్పులో పోసే ద్రవం విషయంలో ఒక హెచ్చరిక. కార్లలో వాడే కూలెంట్‌ను కొందరు పోస్తుంటారు. అందులో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది; కుక్కలు గాని, పశువులు గాని తాగితే ప్రాణం మీదికి వస్తుంది. మన నగరంలో వీధికుక్క వెళ్లని బీడు ఎక్కడున్నది? చిక్కటి ఉప్పునీటిలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బుద్రవం కలిపితే రెండు మూడు రోజుల వరకు సరిపోతుంది. ఎక్కువ రోజులు ఉంచవలసి వస్తే ప్రొపిలీన్ గ్లైకాల్ వాడండి.

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మా మామిడితోటలో దీపపు ఎర పెట్టాము. ఒక రాత్రి బకెట్ నిండా ఉసిళ్లే. పదిరోజుల తరువాత చూస్తే దాదాపు ఖాళీ. పురుగు నిజంగా తగ్గిందనుకోవచ్చా? (ఒక రైతు)

జవాబు: ఆ రెండు రాత్రులను బట్టి ఏమీ అనుకోలేము. ఉసిళ్లు చెదపురుగుల రెక్కల దశ. తొలివానలకు నేల తడిసిన సాయంత్రం, చుట్టుపక్కల పుట్టలన్నింటి నుంచి ఒకేసారి బయటికి వచ్చి, జతకట్టి, రెక్కలు రాల్చుకుంటాయి. అది ఆ సాయంత్రపు సంగతి, మీ తోట ఆరోగ్యానికి సంబంధించిన సంగతి కాదు. పైగా అవి బకెట్‌లో కొట్టుకుంటుంటే మిగతా రెక్కల పురుగుల పొలుసులు రాలిపోయి, గుర్తుపట్టడానికి వీలు లేకుండా పోతాయి. అటువంటి రాత్రి దీపం వెలిగించకపోవడమే మేలు. వెలిగిస్తే మాత్రం ఆ సంగతి పుస్తకంలో రాసి పెట్టండి.

ఖాళీ రాత్రి విషయానికి వస్తే, అది పున్నమికి దగ్గరి రాత్రి అయి ఉంటుందేమో పంచాంగం చూసుకోండి. నిండు వెన్నెలలో దీపపు ఎరలకు పడే పురుగుల సంఖ్య పడిపోతుందని దాదాపు నూరేళ్లుగా తెలుసు. చుట్టూ వెలుగు ఎక్కువైనప్పుడు మీ దీపం ఎంత దూరం కనిపించాలో అంత దూరం కనిపించదు. ఇదే కారణంగా ఔటర్ రింగ్ రోడ్డు దీపాలకు దగ్గరగా ఉన్న తోటనూ, చీకటిలో ఉన్న తోటనూ దీపపు ఎరతో పోల్చకూడదు. గాలి, చలి, వాన కూడా సంఖ్యను మారుస్తాయి. పురుగులు దీపం మీద ప్రేమతో వస్తాయన్న పాత మాట కూడా ఇప్పుడు సందేహంలో పడింది: 2024లో వెలువడిన ఒక పరిశోధనలో హైస్పీడ్ కెమెరాలతో చూస్తే, ఎగిరే పురుగులు వెలుగుకు వీపు తిప్పుకుంటాయనీ, పగటి ఆకాశమే పైన ఉన్నదన్న లెక్కతో అలా చేసి దీపం చుట్టూ చిక్కుకుపోతాయనీ తేలింది. అంటే దగ్గర నుంచి వెళ్తున్నవే ఎక్కువగా చిక్కుతాయి.

రైతుగా మీకు కావలసింది ఒక నిర్దిష్టమైన పురుగు కబురు అయితే దీపం కంటే దానికి తగిన ఎర మంచిది. పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎర, తెల్లదోమకు పసుపు జిగురు అట్ట, తామర పురుగులకు నీలం అట్ట పెడతారు. అయితే మిథైల్ యూజినాల్ ఎరలో గాని, లింగాకర్షక బుట్టలో గాని పడేవి మగవే; గుడ్లు పెట్టేవి ఎన్ని ఉన్నాయో అవి నేరుగా చెప్పవు. తేనెమంచు పురుగును పూతకొమ్మల మీదనే చూసి లెక్కించాలి.

ప్రశ్న: ఆరుద్ర పురుగులను ఈ ఏడాది మా కాలనీలో ఒక్కదాన్ని కూడా చూడలేదు. వాటి సంఖ్యను మీరు చెప్పే ఎరలతో కొలవవచ్చా? (ఒక గృహిణి, నాగోల్)

జవాబు: ఎనిమిది కాళ్లున్న ఆ ఎర్రని మఖమలు జీవి కీటకం కాదు, సాలీళ్ల వర్గానికి చెందినది. తొలకరి తరువాత కొద్దిరోజులే నేల పైన తిరిగి, మిగతా ఏడాదంతా మట్టిలోనే ఉంటుంది. ఆ కొద్దిరోజుల్లో, వాన వెలిసిన ఉదయం, తవ్వని మట్టినేల మీద నడుస్తూ కంటితో లెక్కించడమే సరైన పద్ధతి. కాలనీలో మట్టినేల అంతా సిమెంటు పలకల కిందికి పోయి ఉంటే వెతకడం అనవసరం.

ప్రశ్న: మా బడి పిల్లలతో సీతాకోకచిలుకల లెక్క చేయించాలని ఉంది. చంపకుండా, వల వాడకుండా వీలవుతుందా? (ఒక ఉపాధ్యాయుడు, కూకట్‌పల్లి)

జవాబు: చక్కగా వీలవుతుంది. ఒక దారిని ఎంచుకుని, వారానికి ఒకసారి, అదే వేగంతో నడుస్తూ, రెండు పక్కలా రెండున్నర మీటర్లు, ముందుకు ఐదు మీటర్ల లోపల కనిపించినవాటినే లెక్కించాలి. బ్రిటన్‌లో 1976 నుంచి ఇదే పద్ధతిలో లెక్కలు నడుస్తున్నాయి. మన దగ్గర మిట్టమధ్యాహ్నం కంటే ఉదయం ఎండ పడ్డాక నడవడం పిల్లలకూ, సీతాకోకచిలుకలకూ అనుకూలం. జాతి తెలియకపోతే "పసుపుది, చిన్నది" అని రాసినా పరవాలేదు. ఊహించి పేరు రాయనివ్వకండి. ఏ పొదలో బాగా కనిపిస్తాయో పిల్లలు త్వరగానే కనిపెట్టి అటే లాగుతారు. దారిని మార్చకపోవడం ఒక్కటే మీరు పట్టుబట్టవలసిన విషయం.

ప్రశ్న: కేబీఆర్ పార్కులో చీమలను సేకరించడానికి కూడా అనుమతి కావాలా? స్పిరిట్ ఎక్కడ దొరుకుతుంది? (ఒక పరిశోధక విద్యార్థి)

జవాబు: కావాలి. కేబీఆర్, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి, మూడూ జాతీయ ఉద్యానాలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అటవీశాఖ లిఖితపూర్వక అనుమతి లేకుండా అక్కడి నుంచి చీమను కూడా తీసుకురాకూడదు. కొన్ని సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు ఆ చట్టం జాబితాల్లోనే ఉన్నాయి కాబట్టి, ఉద్యానం బయట కూడా ముందుగా జాబితా చూసుకోవాలి. నమూనాలను విదేశాలకు పంపే ఆలోచన ఉంటే జీవవైవిధ్య చట్టం, 2002 కూడా వర్తిస్తుంది. అనుమతి రావడానికి నెలలు పట్టవచ్చు. తొలకరి మీ కోసం ఆగదు కాబట్టి వేసవిలోనే దరఖాస్తు చేయండి. శుద్ధ స్పిరిట్ ఎక్సైజ్ నియంత్రణలో ఉంటుంది కనుక, మీ విభాగం ద్వారానే తెప్పించుకోవాలి. రూపం చూసి గుర్తించడానికి 70 శాతం, డీఎన్ఏ పరీక్షకు 95 శాతం ఉంచండి. తడి పురుగులు వేస్తే స్పిరిట్ పలచబడుతుంది, మరుసటి రోజే మార్చాలి.

ప్రశ్న: సీసాల నిండా పురుగులు ఉన్నాయి, పేర్లు మాత్రం తెలియడం లేదు. పేర్లు లేకుండా ఫలితాలు రాస్తే ఒప్పుకుంటారా? (ఒక ఎంఫిల్ విద్యార్థి, ఉస్మానియా ప్రాంతం)

జవాబు: ఒప్పుకుంటారు, కొన్ని షరతులతో. ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టిన కీటక జాతులు దాదాపు పది లక్షలు. పేరు పెట్టనివి అంతకంటే ఎన్నో రెట్లు ఉంటాయని అంచనా. కాబట్టి "పెంకుపురుగు 1, పెంకుపురుగు 2" అని రూపాన్ని బట్టి వర్గాలు చేసుకోవడం అందరూ చేసే పనే.

దీనికి మన ఊరిలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా పనిచేసిన రోనాల్డ్ రాస్ 1895 నుంచి రెండేళ్లపాటు దోమలను కోసి మలేరియా పరాన్నజీవి కోసం వెతికారు. దోమల శాస్త్రీయ నామాలు ఆయనకు తెలియవు. బూడిదరంగువి, చారలవి, రెక్కల మీద మచ్చలున్నవి అని మాత్రమే రాసుకునేవారు. మొదటి రెండు రకాలు మనుషుల మలేరియాను మోయనివి కాబట్టి ఆ శ్రమ వృథా అయింది. మచ్చల రెక్కల దోమలను లార్వాల నుంచి పెంచి, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, 1897 ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో తాను వెతుకుతున్నదాన్ని చూశారు. పేరు తెలియకపోయినా పని ఆగలేదు. వేర్వేరు రకాలను వేరుగా ఉంచి, రూపాన్ని స్పష్టంగా రాసి ఉంచారు కాబట్టే, అవి అనాఫిలిస్ దోమలని తరువాతి వారు చెప్పగలిగారు.

మీరు పాటించవలసినది కూడా అదే. ప్రతి వర్గం నుంచి కొన్ని నమూనాలను సూదికి గుచ్చి గాని, స్పిరిట్‌లో గాని శాశ్వతంగా దాచండి. ఆడా మగా వేర్వేరు రూపాల్లో ఉండే జాతుల్లో ఒకే జాతిని రెండుగా లెక్కించే ప్రమాదం ఉన్నదని గుర్తుంచుకోండి. చీమల్లో పెద్ద తల కార్మికురాలినీ, చిన్న తల కార్మికురాలినీ రెండు జాతులుగా రాసిన నివేదికలు నా చేతికి తరచుగా వస్తాయి. చీటీని పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో కరిగి, ఆరునెలలకు తెల్లకాగితం మిగులుతుంది. ఊరు, తేదీ లేని పురుగు ఎంత అరుదైనదైనా శాస్త్రానికి పనికిరాదు. నీటి పురుగులైతే అత్తాపూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉన్నది. పంటల పురుగులకు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థను అడగవచ్చు.

మీ జాబితాలో ఒకే ఒక్కసారి దొరికిన జాతులు చాలా ఉంటే కంగారు పడకండి. ఉష్ణమండల ప్రాంతాల సర్వేల్లో అలాంటివి సగటున మూడో వంతు దాకా ఉంటాయి. వాటిని తీసేయకుండా ఉంచితేనే, ఇంకా ఎన్ని జాతులు దొరకవలసి ఉన్నదో తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో 1984లో ఇచ్చిన సూత్రంతో అంచనా వేయగలరు. ఆ సూత్రానికి కావలసిన ముఖ్యమైన అంకెలు ఒకసారే దొరికినవి ఎన్ని, రెండుసార్లు దొరికినవి ఎన్ని అన్నవే.

ప్రశ్న: మియాపూర్ నుంచి జహీరాబాద్‌కు ఏళ్లుగా కారులో వెళ్తున్నాను. ఇదివరకు అద్దం మీద పురుగులు అంటుకుని తుడవలేక చచ్చేవాళ్లం, ఇప్పుడు ఏమీ ఉండడం లేదు. పురుగులు అంతరించిపోతున్నట్లేనా? (ఒక ఉద్యోగి)

జవాబు: మీ గమనిక విలువైనదే, అయితే అద్దం ఒక ఎర లాంటిదే కాబట్టి దానికీ అన్ని ఎరల లోపాలూ ఉన్నాయి. కారు ఆకారం మారింది, రోడ్డు వెడల్పయింది, పక్కనున్న చెట్లు పోయాయి, మీరు బయలుదేరే వేళ కూడా మారి ఉండవచ్చు. వీటిలో ఏది ఎంత పనిచేసిందో ఇప్పుడు వెనక్కి వెళ్లి విడదీయలేము.

జర్మనీలో క్రేఫెల్డ్ పట్టణపు ఔత్సాహికులు 1989 నుంచి 27 ఏళ్లపాటు 63 రక్షిత ప్రాంతాల్లో గుడారం లాంటి మలేజ్ ఎరలు పెట్టి, పడిన పురుగులను తూకం వేశారు. 2017లో వెలువడిన ఆ లెక్కల్లో ఎగిరే కీటకాల బరువు 76 శాతం తగ్గింది. ప్రపంచమంతా ఈ సంఖ్యను ఉటంకించింది. అది నమ్మదగిన పనే. ఎరల కొలతలు, పెట్టే తీరు మార్చకపోవడం దాని బలం. అయినా వారు తూచినది బరువును, జాతులను కాదు. 63 చోట్లలో 37 చోట్ల ఒక్క ఏడాదే ఎర పెట్టారు. జర్మనీ సంఖ్యను తెచ్చి తెలంగాణకు అతికించడం నాకు సమ్మతం కాదు. ఇక్కడి పంటలు, వానలు, పురుగుల జీవితచక్రాలు వేరు.

మీ దారి మీదనే మీరు లెక్క మొదలుపెట్టవచ్చు. బ్రిటన్‌లో 2004లో కారు అద్దానికి బదులు ముందు నంబరు ప్లేటును ఎంచుకున్నారు, ఎందుకంటే దాని వైశాల్యం, వాలు కారుకూ కారుకూ పెద్దగా మారవు. బయలుదేరే ముందు ప్లేటు తుడవండి. జహీరాబాద్ చేరగానే మరకలు లెక్కించి, దూరం, బయలుదేరిన వేళ, వేగం, వాన పడిందా లేదా అన్నది ఒక పుస్తకంలో రాయండి. దారిలో వాన పడితే మరకలు కడుక్కుపోతాయి కాబట్టి ఆ ప్రయాణాన్ని లెక్కలోంచి తీసేయండి. ఒక్క మరక కూడా లేని పొడి రోజున మాత్రం సున్నా అని తప్పకుండా రాయండి.